బయటికిచ్చిన పని

కిందటి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, నాతోపాటు హైస్కూల్లో చదువుకున్న ఒకావిడ తన కూతురికి వచ్చిన సంబంధం గురించి చెప్పుకొచ్చింది. అబ్బాయి నెమ్మదస్తుడట, అన్నదమ్ముల్లో చిన్నవాడట, ఉద్యోగం మాత్రం ఔట్‌సోర్సింగట. ఆ మాట దగ్గరికొచ్చేసరికి ఆమె గొంతు దానంతటదే తగ్గిపోయింది. ఏ ఆఫీసులో, ఏం పని అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ రోజుల్లో ఆ ఒక్క మాట చెబితే మిగతాదంతా ఎదుటివాళ్లకు అర్థమైపోతుంది. పని ఉంటుంది గానీ అది తనదని గట్టిగా చెప్పుకోవడానికి ఉండదు, కూర్చునే కుర్చీ ఒకరిది, జీతం మీద సంతకం పెట్టే చెయ్యి ఇంకొకరిది. "మిగతావన్నీ బాగానే ఉన్నాయే, అదొక్కటే ఆలోచిస్తన్నాం" అనేసి ఆమె ఆటో ఎక్కి వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ ఎండలో కాసేపు అలాగే నిలబడిపోయాను.

ఎందుకంటే మా నర్సీపట్నంలో ఆ మాటను రంగులతో బోర్డు మీద రాయించి వీధిలోకి వేలాడదీసిన మొదటి మనిషిని నేనేనేమో. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. 'చిన్న వ్యాపారములకు ఔట్‌సోర్సింగ్ సలహాలు' అని బోర్డు పెట్టాను. వారం తిరక్కుండానే ఒకాయన తన పాస్‌పోర్టు పట్టుకొచ్చి దుబాయ్ ఎప్పుడు పంపుతారని అడిగాడు. ఇంకొకావిడ అదేదో కొత్త రకం వైద్యమనుకుని మోకాళ్ల నొప్పులకు పనిచేస్తుందా అంది. ఆ రోజుల్లో నవ్వుకున్నాను గానీ, ఆ బోర్డు దాకా నేను ఎలా వచ్చానో తలుచుకుంటే నవ్వు రాదు.

మా నాన్న, మా చిన్నాన్న ఇద్దరూ ఊళ్లోని ఒక ప్రెస్సులో కంపోజిటర్లు. నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, తెలియనివాళ్లుంటారని చెబుతున్నాను. సీసపు అక్షరాలను గళ్లలోంచి ఒక్కొక్కటే ఏరి, తిరగేసి, వరసగా పేర్చి మాటలు చేసే పని అది. మా ఊరి శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, బడి ప్రశ్నపత్రాలు, ఎన్నికల కరపత్రాలు, మా చర్చి పాటల కాగితాలు అన్నీ ఆ అన్నదమ్ముల వేళ్ల మీదుగానే వెళ్లేవి. నాన్నమ్మ, తాతయ్య త్వరగా పోవడంతో చిన్నాన్నను నాన్నే పెంచాడు, తన పనే నేర్పి తన పక్కనే నిలబెట్టుకున్నాడు. ఇద్దరూ వీపులు ఆనేంత దగ్గరగా, ఒకరు తూర్పుకీ ఒకరు పడమటికీ తిరిగి నిలబడి పనిచేసేవాళ్లు. ఒకరు సన్నగా ఒక కీర్తన అందుకుంటే రెండో చరణం రెండోవారు అందుకునేవారు, అలా వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే రోజంతా మాట్లాడుకున్నట్టే ఉండేది.

అమ్మ నేను చిన్న తరగతుల్లో ఉండగానే జబ్బు చేసి పోయింది. ఆ తరవాత నాకు జడ వేసింది చిన్నాన్నే. ఎంత కడిగినా ఆయన వేళ్ల సందుల్లో నల్లసిరా పోయేది కాదు, నా తెల్లరిబ్బన్ల మీద ఎప్పుడూ ఆ మరకలుండేవి, బడిలో టీచరమ్మ నన్ను శుభ్రంగా ఉండనని తిట్టేది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే, మర్నాడు పొద్దున్నే ఇసకతో చేతులు తోముకుంటూ నూతి దగ్గర కూర్చున్న చిన్నాన్న నాకింకా కళ్లముందు కనిపిస్తాడు.

తొంభైల నడుమ నేను డిగ్రీ ముగించి, టైపు పరీక్షలు పాసై, ఏం చెయ్యాలో తెలియక ఇంట్లో కూర్చున్నాను. అనకాపల్లిలో కంప్యూటరు మీద తెలుగు కంపోజింగ్ నేర్పుతున్నారని విని, నేర్చుకోమన్నది చిన్నాన్న. నాన్న తటపటాయించాడు. ఆ యంత్రం వస్తే తమ పని ఏమవుతుందో నాన్నకు తెలుసు. చిన్నాన్నకూ తెలుసు.

"దాన్నెల్లనీ అన్నయ్యా," అన్నాడు చిన్నాన్న. "సీసం ఎన్నాళ్లుంతాది? మనం నేర్సుకున్నది మనం సేసినాం. దాని కాలానికి ఏటి పనో అది నేర్సుకోనీ."

నాకు ఒక్కదాన్నే బస్సులో వెళ్లడం భయమైతే, మొదటి రోజుల్లో తనే సెలవు పెట్టి వెంట వచ్చి, క్లాసు అయ్యేదాకా ఎదుటి టీ బడ్డీ బల్ల మీద కూర్చునేవాడు. తిరుగు బస్సులో ఆ రోజు ఏం నేర్చుకున్నానో చెప్పమనేవాడు. ఒత్తు కోసం చెయ్యి చాపి గడి వెతకక్కర్లేదని, రెండు మీటలు నొక్కితే తనే వచ్చి అక్షరం కింద కూర్చుంటుందని చెబితే, నమ్మలేనట్టు నవ్వేవాడు. అసూయ లేని నవ్వు అది. అలాంటి మనుషులు తక్కువ.

తరవాత చిన్నాన్నకు పెళ్లయింది. పిన్నిది కృష్ణదేవిపేట. పక్క సందులోనే ఒక గది తీసుకుని వేరే కాపురం పెట్టారు. ఒక ఆడపిల్ల పుట్టింది. నేను అనకాపల్లిలో ఒక చిన్న షాపులో కొన్నాళ్లు పనిచేసి, చెయ్యి తిరిగాక ఊరికి వచ్చేశాను.

అప్పటికే శుభలేఖలకు రంగులు కావాలని జనం అనకాపల్లి పోవడం మొదలైంది. ప్రెస్సు యజమాని మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు, పండక్కి మా రెండిళ్లకీ బట్టలు పెట్టేవాడు. ఆయన ఒక సాయంత్రం తనంతట తానే మా ఇంటికొచ్చి, నులకమంచం మీద కూర్చుని, నేనిచ్చిన టీ చల్లారిపోయేదాకా తాగకుండా పట్టుకుని, చివరికి చెప్పాడు. సెకండ్‌హ్యాండ్ ఆఫ్‌సెట్ మిషను ఒకటి చూశానన్నాడు. దానికి సీసం అక్కర్లేదు, కంప్యూటరులోంచి తీసిన కాగితం చాలు.

"కంప్యూటరు నేనే తెచ్చి మీ ఇంట్లో పెడతానండి. మీ అమ్మాయి ఇంట్లోనే కూర్చుని పని చేసిస్తే చాలు. ప్రెస్సులో మాత్రం ఇంక... కంపోజింగ్ ఉండదు," అన్నాడు నేలకేసి చూస్తూ.

నాన్న తన వేళ్ల చివర్లు ఒకదానితో ఒకటి రాసుకుంటూ కూర్చున్నాడు.

"పని బయటికెల్లిపోక తప్పదంటారు."

"తప్పదండి. నేను కాకపోతే ఇంకొకరు పెడతారు, నాకు ప్రెస్సే ఉండదు."

"అయితే ఆ బయటేదో మా ఇల్లే అవనీండి బాబుగారూ."

అంతే, ఆ మాటతో తేలిపోయింది. వంటింటి గుమ్మంలో గ్లాసు పట్టుకుని నిలబడ్డ నన్ను కూడా ఎవరూ అడగలేదు. నేను ఒద్దనేదాన్నా అంటే, అనేదాన్ని కాదేమో. యజమాని వెళ్లాక, మరి చిన్నాన్న సంగతేమిటి నాన్నా అన్నాను. "ఆడొచ్చాక నాను సెప్తాను. నా మాట ఆడెప్పుడూ కాదనలేదు," అన్నాడు నాన్న, నాకేసి చూడకుండా.

చిన్నాన్న అప్పుడు ఊళ్లో లేడు. మామగారి పొలంలో నాట్లకు సాయం వెళ్లాడు. కృష్ణదేవిపేట ఎంత దూరం, ఆటో ఎక్కితే చేరిపోయే ఊరు. నాన్న వెళ్లలేదు. రేపెళతాను, ఎల్లుండెళతాను అంటూ రోజులు జరిపాడు. పెంచిన తమ్ముడికి ఆ మాట ఎలా చెప్పాలో నాన్నకు కుదరలేదని నేననుకుంటాను. ఈలోగా మిషను అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది, దాన్ని దించడానికి చోటు కావాల్సి వచ్చింది.

ఊరినుంచి బస్సు దిగిన చిన్నాన్న అలవాటుకొద్దీ ఇంటికి కాకుండా నేరుగా ప్రెస్సుకే వెళ్లాడు. పాతసామాను కొనేవాళ్లు అక్షరాల గళ్లన్నీ గోనెసంచుల్లోకి ఒంపుతున్నారట. ఎవరూ ఆయనకు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. అక్కణ్ణించి మా ఇంటికొచ్చాడు. మాకోసం తెచ్చిన ఆనపకాయలు అరుగు మీద పెట్టాడు. గుమ్మంలోంచి లోపలికి చూస్తే, బల్ల మీద గుడ్డ కప్పిన కంప్యూటరు కనిపించింది.

"అన్నయ్యా, నన్నొక్క మాట అడగలేదేటి?"

"నువ్వొచ్చాక సెబుదామనుకున్నాన్రా."

"సెప్పడం కాదన్నయ్యా. అడగడం." చిన్నాన్న గొంతు పెంచలేదు. "నాను ఒద్దంటానేటి? దాన్ని నేర్సుకోమన్నోడ్నే నాను. అడిగుంటే ఆ గళ్లు నానే మోసి బయటెట్టీవోడ్ని."

"ఇప్పుడేటైపోనాది? నువ్వూ ఇక్కడే కూకో. పిల్ల కొట్టిందానికి తప్పులు దిద్దు. ఉన్నదాంట్లో అందరం బతకలేమేటి?"

చిన్నాన్న నాకేసి చూసి, "బాగా సెయ్యమ్మా," అన్నాడు. నిజంగానే అన్నాడు, దెప్పుతూ కాదు. అందుకే ఆ మాట నన్ను ఇన్నేళ్లూ వదల్లేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ నెల తిరక్కుండానే గది ఖాళీ చేసి, పిన్నినీ పిల్లనీ తీసుకుని అత్తవారి ఊరు చేరాడు.

మా ఇంట్లో పని సాగింది. నాన్న నా పక్కన కుర్చీ వేసుకుని రాతప్రతి చదివితే నేను కొట్టేదాన్ని. కొంతకాలానికి నాన్న చదవకపోయినా నేను కొట్టగలిగాను, ఇద్దరికీ ఆ సంగతి తెలిసినా కొన్నాళ్లు అలాగే నటించాం. నాన్న పొద్దున్నే మునుపటిలాగే గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసుకుని, టిఫిను తిని, వీధి చివరిదాకా నడిచివెళ్లి తిరిగొచ్చేవాడు. ఆఫ్‌సెట్ మిషను శబ్దం వినిపించేదాకా వెళ్లి అక్కడినుంచి మళ్లుతాడని ప్రెస్సు ఎదుటి కిరాణా కొట్టాయన నాతో అన్నాడు. ఇంట్లో ఎప్పుడూ కీర్తన అందుకునేవాడు కాదు. రెండో చరణం అందుకునేవాళ్లు లేరు కదా.

చిన్నాన్న కొన్నాళ్లు కౌలు పొలం చేశాడు. ఆ పని ఆయన చేతులకు పట్టుబడలేదు. తరవాత నక్కపల్లి దగ్గర హైవే పక్కన ఒక గోడౌనులో వాచ్‌మెన్‌గా చేరాడని తెలిసింది. వచ్చేపోయేవాళ్లతో నాన్న కబుర్లు పంపేవాడు. బాగున్నానని కబురు తిరిగొచ్చేది, మనిషి వచ్చేవాడు కాదు. నా పెళ్లికి మాత్రం వచ్చాడు. వెనక వరసలో కూర్చుని, ప్రార్థన అయ్యాక నా తల మీద చెయ్యి పెట్టి, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఆ చేతివేళ్ల సందుల్లో సిరా లేకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. పెళ్లికూతురు ఏడవడం మామూలే కాబట్టి ఎవరూ ఎందుకని అడగలేదు. మావారు మా ఊళ్లోనే బడిపంతులు కావడంతో నేను ఊరు వదలాల్సిన పని లేకపోయింది, నాన్న మాతోనే ఉన్నాడు.

ఇక నా అసలు వృత్తి మొదలైంది ఆ తరవాతే. ప్రెస్సు యజమాని ఖర్చు తగ్గి కాస్త తేరుకున్నాడన్న సంగతి ఊళ్లో వ్యాపారస్తులకు పాకింది. బిల్లు పుస్తకాల పనికోసం మా ఇంటికొచ్చే వాళ్లు, మాటల మధ్యలో, మేం కూడా ఏదైనా పని అలా బయటికివ్వొచ్చా అని అడగడం మొదలుపెట్టారు. అలా మొదట అడిగింది ఒక నర్సింగ్‌హోమ్ డాక్టరమ్మగారు. పక్కగుడ్డలు ఉతికే పని విశాఖపట్నంలో ఒక లాండ్రీకి ఇచ్చేద్దామనుకుంటున్నానని, మనిషిని పెట్టుకోవడం కన్నా చవకని అన్నారు. ఆ నర్సింగ్‌హోమ్ వెనక నీళ్లతొట్టి దగ్గర ఎన్నో ఏళ్లుగా ఒకావిడ ఆ గుడ్డలు ఉతకడం నాకు తెలుసు.

"ఆవిణ్ణి అడిగారాండీ?" అన్నాను.

డాక్టరమ్మగారు నాకేసి వింతగా చూశారు. "ఆవిణ్ణి అడిగేదేముంది? చెప్పాలి గానీ."

ఆ చెప్పడానికీ అడగడానికీ మధ్య ఏముందో నేను ఆమెకు వివరించలేదు. మా ఇంటి సంగతి ఆమెకెందుకు? ఒక్కసారి అడిగి చూడండి, పోయేదేముంది అన్నాను. అడిగారు. ఆ ఉతికే ఆవిడ ఒక పూట ఆలోచించుకుని, తన చెల్లెల్ని కూడా తోడు తెచ్చుకుంటానని, ఒక రేకుల షెడ్డు, కొళాయి ఇప్పిస్తే కాంట్రాక్టు తనే తీసుకుంటానని, ఊళ్లో ఇంకో ఆస్పత్రి గుడ్డలు కూడా తెచ్చుకుంటానని చెప్పింది. వాళ్లిద్దరి మధ్యా కాగితం నేనే రాసిచ్చాను. ఆ పని చాలా ఏళ్లు చక్కగా సాగింది. ఆవిడ నన్ను బజారులో చూసినప్పుడల్లా ఆగి పలకరించేది.

డాక్టరమ్మగారు పదిమందికీ చెప్పారు. హోటలువాళ్లు పిండి రుబ్బే పని గురించి వచ్చారు, బడివాళ్లు బస్సు గురించి వచ్చారు, మిల్లువాళ్లు లెక్కలు రాయించడం గురించి వచ్చారు. పెద్ద కంపెనీలకైతే ఇలాంటి సలహాలు చెప్పేవాళ్లు నగరాల్లో ఉంటారు, నలుగురైదుగురితో నడిచే మా ఊరి దుకాణాలకు చెప్పేవాళ్లెవరు? ఏ పని బయటికివ్వొచ్చు, ఏది చస్తే ఇవ్వకూడదు, ఎవరికివ్వాలి, మాటలు ఎలా రాసుకోవాలి అన్నది నాకు పట్టుబడింది. నా షరతు ఒకటే, ముందు ఆ పని చేస్తున్న మనిషిని అడగాలి. బోర్డు పెట్టింది అప్పుడే. కొన్నాళ్లు నేను మంచిపని చేస్తున్నాననే అనుకున్నాను.

ఒక కారప్పొడి, పసుపు మిల్లు ఉండేది. అక్కడ ప్యాకెట్లు కట్టే ఆడవాళ్లను కూడా అలాగే అడిగించాను. ఇళ్ల దగ్గరే కట్టుకోవచ్చని, పిల్లల్ని చూసుకోవచ్చని వాళ్లు సంతోషంగానే ఒప్పుకున్నారు. వేడితో ప్యాకెట్లు అతికించే చిన్న యంత్రాలు వాళ్ల ఇళ్లకు చేరాయి. మరుసటేడు వాళ్లలో ఒకామె చెయ్యి ఆ యంత్రంలో పడి కాలి, వేళ్లు ముడుచుకుపోయాయి. మిల్లుకెళితే, మీరిప్పుడు మా మనుషులు కాదు కదా, కాగితం చూసుకోండి అన్నారట. ఆ కాగితం రాసింది నేను. 'వీరికిని మిల్లునకును ఉద్యోగ సంబంధము లేదు' అన్న వాక్యం ఏదో ప్లీడరుగారి నమూనాలోంచి ఎత్తి రాశాను, అందరూ అలాగే రాస్తారు కాబట్టి. ఆమె చేతికి గుడ్డ చుట్టుకుని మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మీరు అడిగించినారు కదమ్మా. మేవే ఒప్పుకున్నాం," అంది.

ఆమె కోసం మిల్లుకు రెండు మూడుసార్లు తిరిగాను. వైద్యం ఖర్చు కొంత ఇచ్చారు, పని మాత్రం ఇవ్వలేదు. ముడుచుకున్న వేళ్లతో ప్యాకెట్లు కట్టలేదు కదా.

ఆ తరవాత కొంతకాలానికి, ఒక వానాకాలం పొద్దున, చిన్నాన్న పోయాడని కబురొచ్చింది. గోడౌనులో మూటలు జారి మీద పడ్డాయి. గేటు దగ్గర కూర్చోవాల్సిన మనిషి లోపల మూటల దగ్గర ఎందుకున్నాడో ఆ పూట ఎవరికీ తోచలేదు.

కృష్ణదేవిపేటలో వాళ్ల చిన్న చర్చి, దాని వెనక పొలాల అంచున సమాధుల చోటు. చిన్నాన్న మా ఊరు వదిలాక నాన్న అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. చర్చి గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. పెట్టె ఎత్తే వేళయింది, మగవాళ్లు చేతులు వేస్తున్నారు. నాన్న నన్ను దగ్గరికి పిలిచి, మీ పిన్నినడుగు, నేను కూడా పట్టుకోవచ్చా అని, అన్నాడు. అంత పెద్దాయన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను వెళ్లి పిన్ని చెవిలో చెప్పాను. పిన్ని ఏడుపు ఆపి తలెత్తి గేటుకేసి చూసింది.

"అడగడమేటమ్మా? ఆయన పెంచిన తమ్ముడే కదా. బేగి రమ్మను బావగార్ని."

నాన్న వచ్చి ముందువైపు పట్టుకున్నాడు. దారంతా బురద. రెండుసార్లు తూలాడు గానీ, ఎవరెంత చెప్పినా చెయ్యి వదల్లేదు. మట్టి వేశాక పాదిరిగారు పాట మొదలుపెడితే అందరూ అందుకున్నారు. నాన్న పెదాలు కదిలాయి, గొంతు మాత్రం రాలేదు.

కొన్ని వారాలకు పిన్ని పిల్లని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చింది. బోర్డు కేసి కాసేపు చూసి లోపలికొచ్చింది. ఆమె పెద్దగా చదువుకోలేదు, నేను ఏ పని చేస్తున్నానో ఎవరో చెప్పారట.

"ఈ బయటికిచ్చే పనులన్నీ నీకు తెలుసంట కదమ్మా. నాకొక్కటి సెప్పు. గోడౌనోలు మా మనిషి కాడంతన్నారు, కంట్రాక్టరు మా మనిషి కాడంతన్నాడు. మీ సిన్నాన్న ఎవరి మనిషే?"

మర్నాడు కోటవురట్ల మీదుగా వెళ్లే బస్సెక్కి ఇద్దరం నక్కపల్లి వెళ్లాం. గోడౌను మేనేజరు మర్యాదగా కుర్చీలు వేయించాడు. వాచ్‌మెన్లను కాంట్రాక్టరు పంపిస్తాడని, తమకేమీ సంబంధం లేదని చెప్పాడు. మరి మూటలు దించే పని వాచ్‌మెన్‌కు ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదండి, కూలీలు తక్కువున్నారని చూసి ఆయనే వచ్చి చెయ్యేశాడు, అన్నాడు. అబద్ధమనడానికి నాకు నోరు రాలేదు. మా చిన్నాన్న అలాంటివాడే. అక్కణ్ణించి అనకాపల్లిలో కాంట్రాక్టరు ఆఫీసుకు వెళితే తలుపుకు తాళం. పక్క కొట్టులోంచి కాంట్రాక్టరుకు ఫోను చేస్తే, గేటు కాయమని పంపిన మనిషి లోపలికెందుకు వెళ్లాడు, మా కాగితంలో లోపలి పని లేదు, అన్నాడు. వాళ్లు చెప్పబోయే ప్రతి మాటా వాళ్లు నోరు తెరవకముందే నాకు తెలుసు. అలాంటి కాగితాలు ఎన్ని రాశానని! పిన్ని మాత్రం ప్రతిచోటా నా మొహంకేసే చూస్తోంది, నేనేదో ఒక మాట అంటాననీ, దాంతో తాళం ఊడి వస్తుందనీ.

ప్లీడరును పెట్టుకున్నాం, తిరిగాం, చాలాకాలం తిరిగాం. ఏమీ తేలలేదు. తిరుగుళ్లకు పిన్నికే విసుగొచ్చి, ఇంక ఒగ్గీ అమ్మా, పిల్ల బడి మానేస్తంది నాతో తిరిగి, అంది. ఊళ్లో బడిపిల్లలకు అన్నం వండే పనిలో కుదిరింది. ఆమె నన్నుగానీ, నాన్ననుగానీ ఏ రోజూ ఒక్క మాట అనలేదు.

నాన్న ఆ తరవాత ఎక్కువకాలం లేడు. పొద్దున్నే వీధి చివరిదాకా నడవడం కూడా మానేశాడు. ఒకసారి మందులిస్తుంటే, "ఆటోకి ఎంతసేపే కృష్ణదేవిపేట?" అని అడిగాడు. ఇప్పుడు వెళదామా నాన్నా అంటే, తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగిపోయాడు.

నా కాగితాల్లో ఆ పాత వాక్యం ఒంటరిగా రాయడం మానేశాను. సంబంధం లేదని రాయాలంటే, ఆ పనిలో మనిషికి దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారో కూడా దాని కిందే పేరు పెట్టి రాయాలన్నాను. ఒకరిద్దరు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు మర్యాదగా ఆలోచించుకుని వస్తామన్నారు, రాలేదు. కొత్తగా వచ్చిన ఒక కుర్ర ప్లీడరు అచ్చేసిన ఒప్పందాలు తయారుగా పెట్టుకున్నాడు, ఖాళీల్లో పేర్లు నింపితే చాలు, అంతా అక్కడికే వెళ్లారు. ఆ దశాబ్దం ముగిసేలోపే బోర్డు దించేశాను. గాలివానకు ఒకవైపు కొక్కెం ఊడితే మళ్లీ బిగించలేదు, అంతే.

ఆ పాత రోజులు బంగారమని నేననను. ఆ ప్రెస్సులో వెలుతురు లేదు, గాలి లేదు, నాన్నకు దగ్గు ఎప్పుడూ తగ్గలేదు, యజమాని మంచివాడు కాబట్టి సరిపోయింది గానీ కాకపోయుంటే అడిగే దిక్కు అప్పుడూ లేదు. అయినా ఒకటి ఉండేది. అప్పట్లో మా ఊళ్లో ఎవరైనా ఎండదెబ్బకు నడిబజారులో పడిపోతే, చుట్టూ చేరినవాళ్లలో ఒకరు మొహం చూసి, ఫలానా ప్రెస్సాయన కదా అనో, ఫలానా మిల్లు మనిషి కదా అనో అనేవారు. వెంటనే ఎవరో ఒకరు ఆ ప్రెస్సుకో ఆ మిల్లుకో పరిగెత్తేవారు, అక్కణ్ణించి రిక్షా వేసుకుని మనుషులొచ్చేవారు. మొన్న బస్టాండు దగ్గర ఒకతను అలాగే కళ్లు తిరిగి పడిపోయాడు. ఒంటిమీద ఏదో కంపెనీ పేరున్న టీషర్టు ఉంది. ఆ కంపెనీ ఎక్కడుందో చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒక్కరికీ తెలియదు. నీళ్లు చల్లి, నీడలోకి జరిపి, ఎవరి మనిషో తెలుసుకుందామని అతని జేబులోంచి ఫోను తీశారు. దానికి తాళం వేసుంది.